కాళ్లు కడుక్కుంటేనే కంప్యూటర్

రొద్దం దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్లుగా పట్టుపురుగులు పెంచుతున్న రైతు ఆయన. హిందూపురంలోని మా ఆఫీసులో పట్టుపురుగు లోపలి అవయవాలకు త్రీడీ బొమ్మ చేస్తూ, తప్పులు చూసిపెట్టమని ఆయన్ను పిలిచాం. వచ్చిన రోజే చెప్పులు బయట విడిచి, బ్లీచింగ్ నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కొని తెర ముందు కూర్చున్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"మీరూ కడుక్కొని రాండప్పా. పురుగుండే గది ఇది."

"ఇది బొమ్మ పెద్దాయనా" అన్నాను.

"రోగమొచ్చినాక చెబుదువు ఆ మాట."

కడుక్కున్నాం. సెంటు పూసుకొచ్చిన మా ఓనర్‌ని మాత్రం గడప దాటనివ్వలేదు. ఆ వాసనకి పురుగు ఆకు ముట్టదట. పాపం ఓనర్ తన ఆఫీసు కిటికీ బయట నిలబడే పని ఎంతవరకు వచ్చిందో అడిగేవాడు.

బొమ్మ అప్పగించాల్సిన రోజు మధ్యాహ్నం కంప్యూటర్ బిగుసుకుపోయింది. పొద్దుటి నుంచి పట్టుగ్రంథి మీద చేసిన పనేదీ నేను సేవ్ చేయలేదు. కంగారులో స్విచ్ ఆపబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిద్రకు పోయిండాది. పొర విడిచేటప్పుడు పురుగుని కదిలిస్తే చస్తాది. గమ్మునుండు."

ఫ్యాన్ కూడా ఆపించి, అందరినీ ముప్పావుగంట కూర్చోబెట్టాడు. అప్పుడు తెర మీద పురుగు తల కదిలింది. పనంతా భద్రంగా ఉంది. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు.

"ఇంగ ఆకేయండి" అన్నాడు.

ఆయన వెళ్లి ఏడాదైంది. ఇప్పుడు మేం బొద్దింక బొమ్మ చేస్తున్నాం. మా ఓనర్ సెంటు మానేశాడు. రోజూ కుళాయి దగ్గర అందరికంటే ముందు కాళ్లు కడుక్కునేది ఆయనే.