సాంచాలు ఆపి కాల్చిన చీజ్‌కేక్

ఆ రోజుల్లో నేను చాలా అలసిపోయానని అనుకునేదాన్ని. ఇప్పుడు కరీంనగర్‌లో ఈ చిన్న కేకుల దుకాణం వెనక గదిలో పొద్దుటి నుంచీ ఓవెన్ ముందు నిలబడి, పాదాలు వాచి చెప్పుల్లో పట్టక, "మేడం, కేకు తియ్యగా ఉండాలి గానీ చక్కెర వేయొద్దు" అనేవాళ్లకు తలూపుతూ ఉంటే, అప్పటి అలసట గుర్తొచ్చి నవ్వొస్తుంది. అయినా అప్పటి నన్ను, ఆ పిల్లను తీసిపారేయడానికి మనసు రాదు. సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి (నాకు లెక్కలు రావు, ఆ సంగతి పిల్లలకు తెలుసు, కరస్పాండెంటు గారికే తెలియదు), గొంతు బొంగురుపోయి, చివరికి ఒక మధ్యాహ్నం హాజరు పిలుస్తూ పిలుస్తూ నా పేరే పిలిచి, "ప్రెజెంట్" అని నేనే జవాబిచ్చి, ఇక చాలనుకుని ఇంటికొచ్చి పడుకున్నాను. లేచి ఏం చేయాలో తెలియక ఫోన్‌లో వంటల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చూసేది కూడా పడుకునే.

అలా కంటపడింది ఆ చీజ్‌కేక్. కింద బిస్కెట్ పొడి అద్దిన అడుగు, పైన వెన్నలాంటి తెల్లటి మెత్తదనం, అందులో కాల్చిన చక్కెర వాసన వచ్చే విదేశీ బిస్కెట్ రుచి. చేసేవాళ్లకు చెమట కూడా పట్టలేదు. ఇదేదో కూర్చుని చేసే పని అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద పొరపాటు అంచనా అదే.

ఆ బిస్కెట్లు మా ఊళ్లో దొరకవు. అందుకని చక్కెరను బెల్లం రంగు వచ్చేదాకా కరిగించి, మామూలు చాయ్ బిస్కెట్లు అందులో పడేసి, వెన్న, దాల్చినచెక్క, కాస్త సొంఠి కలిపి పళ్లెంలో ఆరబోసి రోట్లో దంచేదాన్ని. సగం పొడి అడుగుకు, సగం మీగడతో నూరి లోపలికి. చీజ్ కూడా నేనే చేసుకోవాలి. బర్రెపాలు విరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి, సాంచాకు వేలాడదీసేదాన్ని. (మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటారు. మా ముందు గదిలో రెండు సాంచాలు పొద్దస్తమానం దడదడలాడుతూ ఉండేవి.) ఆ అదురుకు మూటలో నీళ్లు త్వరగా కారిపోయేవి. అవి నేస్తున్న బట్ట తాను మీద పడకుండా బాపు కింద ఒక గిన్నె పెట్టి, "గీ మగ్గం మీద బట్ట నేస్తున్ననా, పాలు పిండుతున్ననా నాకే సమజైతలేదు" అనేవాడు.

ఇట్లా నడుస్తుండగా కరీంనగర్‌లో కొత్తగా కాఫీ హోటల్ పెట్టిన ఒకాయన నంబరు మా స్నేహితురాలి ద్వారా దొరికింది. దుబాయ్‌లో చాలాకాలం పనిచేసి వచ్చినవాడు. అందరూ సేఠ్ అనేవారు, నేనూ అదే అన్నాను. ఫోన్లో చీజ్‌కేక్ పేరెత్తగానే ఆయన గొంతు మారిపోయింది.

"గా బిస్కెట్ ఫ్లేవర్‌దేనా? దుబాయ్‌ల మస్తు తిన్న బేటీ. ఈడ ఎవ్వలు చేస్తలేరు. ఒకటి తెచ్చి చూపెట్టు. మంచిగుంటె వారం వారం నీ దగ్గర్నే తీస్కుంట."

ఆ మాట బాపుకు చెప్పాను. ఆయన సాంచాలో నూలు కండె మారుస్తూ విన్నాడు. "అయితె మంచిదే. కాకుంటె ఫికర్ పడకు బిడ్డా, మల్ల గదే బడికి పోవచ్చు. కరస్పాండెంట్ సారు నిన్న గుడ అడిగిండు." ఓదార్పుగానే అన్నాడు పాపం. కానీ నాకు కళ్ల ముందు హాజరు పట్టీ కదిలింది. ఈ కేకు కుదరకపోతే సున్నాలూ, హెచ్చవేతలూ, నా పేరు నేనే పిలుచుకోవడాలూ. ఆ రోజు నుంచి నేను కేకు చేయలేదు, పరీక్ష రాశాను.

మా ఓవెన్ చిన్నది. చీజ్‌కేక్‌కు కావలసింది తక్కువ వేడి, నిలకడైన వేడి. సాంచాలు తిరుగుతుంటే మా ఇంట్లో కరెంటుకు నిలకడ ఎక్కడిది? ఓవెన్ లోపలి బల్బు గుడ్డిదీపంలా మినుకుమినుకుమనేది. పైగా దడ. మొదటి కేకు అదురుకు అలలు అలలుగా గట్టిపడింది. ఆ తర్వాతది అంచుల్లో మాడి నడుమ పచ్చిగా ఉండిపోయింది. ఇంకొకటి వీధి కుక్కకు పెట్టాం. (సగం తిని వెళ్లిపోయింది. అది ఇప్పటికీ నాకు చిన్నతనంగానే ఉంటుంది.)

సేఠ్ దగ్గరికి వెళ్లడానికి ముందు రోజు, మళ్లీ అంతా కలిపి ఓవెన్ ముందు కూర్చున్నాను. బల్బు వణుకుతోంది. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు, ఊరికే తల పట్టుకున్నాను. బాపు నన్ను చూశాడు, ఓవెన్‌ను చూశాడు. లేచి వెళ్లి రెండు సాంచాలూ ఆపేశాడు.

"కాల్చుకో."

"తాను రేపటికియ్యాలె గద బాపూ?"

"ఇస్త తియ్యి. నువ్వు కాల్చుకో."

మీటరు లెక్కన కూలి వచ్చే మనిషి. జ్వరం వచ్చినా సాంచా పక్కనే గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు తప్ప ఆపేవాడు కాదు. ఇంట్లో ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వచ్చేసరికి నాకు చెవులు గుయ్యిమన్నాయి. బల్బు మాత్రం నిండుగా వెలిగింది.

అయితే మా గల్లీ సంగతి మేమిద్దరం మరిచిపోయాం. అక్కడ ఇంటింటికీ సాంచాలే. ఏ ఇంటి దడ ఏదో పక్కింటివాళ్లకు నిద్రలో కూడా తెలుసు. పట్టపగలు, కరెంటు ఉండగా, ఒక ఇంట్లో సాంచాలు ఆగాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే అర్థం. ముందుగా పక్కింటి పెద్దమ్మ వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు సిద్ధంగా పెట్టుకుని. గడప మీద కూర్చున్న బాపునే పట్టుకుని శోకం అందుకుంది.

"ఎట్ల పోయిండు తమ్మీ! నిన్న గుడ మంచిగనే ఉండె గద!"

"ఎవలు?" అన్నాడు బాపు భయంగా.

"ఎవలో నాకేమెర్క? సాంచాలాగినయ్ గద!"

ఆమె వెనకే మిగతా గల్లీ. ఒకాయన తల మీద సబ్బు నురగతోనే వచ్చాడు. మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అనే అంటాం) పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, అంతమందిని చూసి, తనకు తెలియకుండా ఎవరు పోయారోనని తనూ ఏడుపు మొదలుపెట్టింది. నేను మధ్యలో నిలబడి, ఎవరూ పోలేదు, కేకు కాలుతోంది అని అరిచి చెప్పాల్సి వచ్చింది. వాళ్ల మొహాల్లో సంతోషం కన్నా నిరాశే ఎక్కువ కనిపించిందంటే నా తప్పు కాదు. ఎలాగూ వచ్చారు కాబట్టి కూర్చున్నారు. (ఎవరైనా పోతే చాయ్ పెట్టే పని ఉండదు. ఎవరూ పోలేదు కాబట్టి అవ్వ అందరికీ చాయ్ పెట్టాల్సి వచ్చింది.)

నేను చాయ్ గ్లాసులు అందిస్తున్న ఆ కాసేపట్లో పెద్దమ్మ ఓవెన్ తలుపు తెరిచింది. తెరిచి ఊరుకోలేదు, వేలితో నడుమ నొక్కింది.

"ఉడికిందో లేదో సూస్తున్న బిడ్డా. అన్నం మెతుకు వట్టి సూడమా ఏంది?"

నేను చేరేసరికి చల్లగాలి తగిలి కేకు నడిమధ్యన నెర్రె విచ్చింది. ఎండాకాలం చెరువులో చూస్తామే, అలాంటిది. ఈసారి ఏడ్చాను. ఏడుపు కోసం వచ్చినవాళ్లకు ఆ లోటు కూడా తీరింది. అందరూ వెళ్లాక బాపు వచ్చి కేకు కేసి వంగి చూశాడు, తానులో తెగిన పోగును చూసినట్టే. "పోగు తెగితె ముడేస్తం గద. నీ బిస్కెట్ పొడి ఉన్నది గద, మీద మంచిగ సల్లు" అన్నాడు. చల్లాను. నెర్రె కనిపించలేదు.

మరునాడు నేను తయారవుతుంటే అవ్వే డబ్బా మూసి, చీరంచు పేలికతో కట్టి చేతికిచ్చింది. బస్సు వేములవాడ దాకా బాగానే వచ్చింది. అక్కడ రాజన్న గుడిలో గుండ్లు చేయించుకున్న భక్తులు ఒక్క ఊపున ఎక్కారు. డబ్బాను నెత్తి మీదికెత్తుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. గంధం పూసిన గుండుతో ఒక పెద్దాయన, "ప్రసాదమా బిడ్డా?" అన్నాడు. కాదనే ఓపిక లేక తలూపాను. "జరుగుండ్రి, జరుగుండ్రి, రాజన్న ప్రసాదం!" అని ఆయనే సీటు ఇప్పించాడు, నాకు కాదు, డబ్బాకు. కరీంనగర్ దాకా అది కూర్చుంది, నేను నిలబడ్డాను.

సేఠ్ పెద్దమనిషి, పెద్ద మీసాలు. బల్ల మీద డబ్బా పెట్టి మూత తీయగానే ఆయన కళ్లు మెరిశాయి.

"అరె వా! ఏం డెకరేషన్ పెట్టినవ్ బేటీ! మిర్చీ పెట్టినవా? మస్తు కొత్తగున్నది."

నేను ఏ మిర్చీ పెట్టలేదు. వంగి చూశాను. బిస్కెట్ పొడి నడుమ ఒక ఎండుమిరపకాయ పడుకుని ఉంది. దాని పక్కనే నల్లగా, నిగనిగలాడుతూ ఒక ముక్క. అదేమిటో నాకు ఒక్క క్షణంలో తెలిసింది, కానీ సేఠ్‌కు అంతకన్నా త్వరగా ఆశ పుట్టింది. "గిది కాలిన చక్కెరే గద" అంటూ నోట్లో వేసుకున్నాడు. కరకరమంది. నమలడం ఆగింది.

"బేటీ, గిదేంది?"

"బొగ్గు సార్."

"ఏం బొగ్గు?"

"మా నీళ్ల పొయ్యిల బొగ్గు సార్. మా అవ్వ పెట్టి ఉంటది. పాలతోని చేసింది ఇల్లు దాటి పోతుంటె గాలి సోకద్దని పెడ్తది." చెబుతూనే మనసులో హాజరు పట్టీ తెరిచాను. మొదటి పేరు కూడా పిలిచాను.

సేఠ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లాడు. నీళ్లు పుక్కిలించిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చేసరికి మీసాల కింద ఇంకా నల్లగానే ఉంది. కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"నేను దుబాయ్ పోయిననాడు మా అమ్మీ సూట్‌కేస్ నిండ ఎండుమిర్చీలు పెట్టింది, నజర్ తాకద్దని. నాకు చెప్పలే. గాడ దిగినంక ఏ అంగి తొడిగినా తుమ్ములే. నన్ను పనిల పెట్టుకున్న అరబ్బు నాకేదో రోగమున్నదని పరేషాన్ అయిండు." మీసాలకు అంటిన మసి తుడుచుకుంటూ, "అమ్మీ పోయినంక నాకు గట్ల పెట్టెటోళ్లు లేరు" అన్నాడు. మిరపకాయను జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి చెంచా అందుకున్నాడు. తిన్నాడు. మళ్లీ తిన్నాడు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

"దుబాయ్‌ల తిన్నట్టు లేదు."

నేను డబ్బా మూత వెతికి చేతిలోకి తీసుకున్నాను.

"గాడ గింత సొంటి వెయ్యరు. గిదే మంచిగున్నది. వారం వారం పంపు. గని బేటీ, బొగ్గు మాత్రం డబ్బ బయట కట్టు."

అవ్వతో పోట్లాడాలని దారంతా మాటలు కూర్చుకుంటూ ఇంటికొచ్చాను. ఆమె నన్ను చూడగానే, "పగలకుంట చేరిందా?" అంది.

"నిన్ననే పగిలింది గదనే!"

"గది ఇంట్ల పగిలింది. బాటల పగిలిందా?"

సాంచాల దడలో బాపు గొంతు పెంచి, "ఏమన్నడు?" అని అడిగాడు. చెప్పాను. "అయితె వారం వారం సాంచాలు ఆపాలె" అన్నాడు, కష్టం వచ్చిపడినట్టు మొహం పెట్టి, నవ్వు ఆపుకోలేక అటు తిరిగి.

ఆపాడు కూడా. గల్లీకి అలవాటైపోయింది. మా సాంచాలు ఆగితే కొంగులు నోట్లో కుక్కుకోవడం పోయి, కేకు అంచు ముక్కల కోసం గిన్నెలు పట్టుకుని రావడం మొదలైంది. కొన్నాళ్లకు నేను కరీంనగర్ వచ్చేశాను. ఆ తర్వాత బాపు మోకాళ్లు నిలబడనివ్వలేదు, నేత పని కూడా తగ్గిపోయింది. ఒక పొద్దున ఆయన సాంచాలు ఆపాడు, ఇక మళ్లీ నడపలేదు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. కాసేపటికి పెద్దమ్మ గిన్నెతో గడపలోకొచ్చి, "ఇయ్యాల ఏం కేకు బిడ్డా?" అంది. బాపే అన్నాడు, "ఇయ్యాల కేకు లేదు అక్కా. ఊకెనే ఆపిన." ఆమె గిన్నె కింద పెట్టి ఆయన పక్కన కూర్చుంది. అవ్వ చాయ్ పెట్టింది.

ఇప్పుడు నా దుకాణంలో కట్టెల పొయ్యి లేదు, బొగ్గు దొరకదు. అవ్వ మాత్రం రోజూ ఫోన్ చేసి, ఎట్లున్నవని అడగకుండానే, "పెట్టినవా?" అంటుంది. "పెట్టిన" అంటాను. అబద్ధం కాదు. చీజ్‌కేక్ డబ్బా కట్టే ముందు అదే సొంఠి బిస్కెట్ ముక్క ఒకటి పట్టకారుతో గ్యాస్ మంట మీద పట్టి, నల్లగా మాడ్చి, కాగితంలో చుట్టి, డబ్బా బయట కడతాను. కొనేవాళ్లు ఇదేమిటంటే డెకరేషన్ అంటాను. వాచిన కాళ్లతో అది మాడేదాకా నిలబడి ఉన్నప్పుడు, కూర్చుని చేసే పని అనుకున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వుకుంటాను. కుర్చీ పక్కనే ఉంటుంది గానీ, కూర్చుంటే మళ్లీ లేవలేనని కూర్చోను.