నీలం తెర అడిగిన మాట

మా కొట్టుకు వచ్చిన సరుకును ఉత్త కళ్లతో చూసి నేను ఎన్నడూ దించుకోలేదు. గిన్నెను గోటితో మీటి వింటాను. అయస్కాంతం ఆనించి చూస్తాను. తిరగేసి అడుగు చూస్తాను. అప్పటికీ కాస్త అనుమానం మిగిలితే దాన్ని పారేయను, దగ్గరే ఉంచుకుంటాను. నరసరావుపేట బజార్లో స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకుని నమ్మకం మీద బతుకుతానంటే నవ్వుతారు. మా నాన్న నాకు కొట్టుతో పాటు రెండు మాటలు కూడా అప్పగించి పోయాడు. ఒకటి, "ఎవరికీ జామీను ఉండబాక." రెండోది, "చెప్పిన మర్మాన్ని రెండోసారి అడిగినోడు దొంగ."

మా ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉండడానికి కూడా అనుమానమే కారణం. కొట్లో బిల్లులు వేసే పాత ల్యాప్‌టాప్ అది. మాచర్లలో ఉండే మా బావమరిది ఒకసారి వచ్చినప్పుడు, "దీంట్లో లైనక్స్ వేస్తా బావా, వైరస్‌లు రావు" అన్నాడు. దొంగలు రారన్న మాట వినగానే ఒప్పుకున్నాను. దాని లోపలి వైఫై ఎప్పుడో చచ్చింది. గల్లాపెట్టె పక్కన తీగతో నెట్టు వచ్చేది కనక నేను పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన రోజు మా ఆవిడ వల్ల వచ్చింది. ఆమె లెక్కల్లో ఎమ్మెస్సీ. పెళ్లికి ముందు మాచర్లలో ఒక కాలేజీలో చెప్పేది. పెళ్లయ్యాక ఆ లెక్కలన్నీ గిన్నెల మీదికీ బిందెల మీదికీ దిగిపోయాయి. ఏ నాడూ నోరు తెరిచి అనలేదు గానీ, టెన్త్ పిల్లల లెక్కల పుస్తకం ఎక్కడ కనపడినా తిరగేసేది. ఆ ఎండాకాలం, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఒక సంస్థ ఆమెను డెమో క్లాసు చెప్పమంది. సోమవారం పొద్దున పదింటికి. అది బాగుంటే ఉద్యోగం ఇస్తారు. లేకపోతే లేదు. రెండో అవకాశం ఉండదని ముందే చెప్పారు.

"డిపాజిట్ ఎంత కట్టమన్నారు?" అని అడిగాను.

"ఏమీ అడగలా."

"అడగలేదంటే ఇంకేదో గుంజుతారు చూడు."

ఆమె డెమోకు ఏ పాఠం చెప్పాలో కాయితం మీద రాసుకుంటూ కూర్చుంది.

క్లాసు కొట్లో చెప్పడం కుదరదు. ఒక బిందె కింద పడితే ఆ మోత బస్టాండు దాకా వినపడుతుంది. మా ఇల్లు కొట్టు మీది మేడ. అక్కడ ఫోన్ సిగ్నల్ మెట్ల మీద తప్ప నిలవదు. తీగ పైకి లాగమంటే కేబుల్ మనిషి వచ్చే వారం వస్తానన్నాడు. కొట్లో ఉన్న నెట్టు పెట్టె వైఫై మేడ దాకా అందుతుంది. అందుకని యూఎస్‌బీకి తగిలించే వైఫై అడాప్టర్ ఒకటి కొనుక్కొచ్చాను. చిటికెన వేలంత ఉంది, పైన ఒక బుల్లి యాంటెన్నా. లైనక్స్‌లో కూడా పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉంది. తగిలించాను. లైటు వెలగలేదు.

ముందుగా అమ్మినవాడి మీద అనుమానం వచ్చింది. బావమరిది ఫోన్లో చెప్పిన కమాండు కొడితే, యూఎస్‌బీకి ఏమేం తగిలించామో తెర మీద వరసగా వచ్చాయి. డబ్బా మీద ఒక కంపెనీ పేరుంటే, లోపలి చిప్పుకు ఇంకో కంపెనీ పేరుంది. దొరికాడు దొంగ అనుకుని ఆ షాపుకు పోయాను.

"డబ్బా మీద ఒక పేరు, లోపల ఒక పేరు. ఇదేం యాపారం?" అన్నాను.

అతను నవ్వాడు. "మీ కొట్లో గిన్నెలు మీరే చేస్తారా అన్నా? ఎక్కడో తయారయితది, ఎవరో స్టిక్కర్ ఏస్తారు. చిప్పు మంచిదే."

అతను దాన్ని తన కంప్యూటర్‌కు తగిలించాడు. లైటు టక్కున వెలిగింది. నేను ఇంకో రెండు తిట్లు సిద్ధం చేసుకుని పోయాను కానీ, అవి అట్లాగే వెనక్కి పట్టుకొచ్చాను.

"డబ్బా మీద రాసింది పాత రకానికి బావా. ఈ చిప్పుకు డ్రైవర్ విడిగా ఎక్కించాలి" అన్నాడు బావమరిది. డ్రైవర్ అంటే ఆ వస్తువును ఎట్లా నడపాలో కంప్యూటర్‌కు నేర్పే ప్రోగ్రాం. అతను చెప్పినట్టే తీగ పెట్టుకుని, కొట్లోనే కూర్చుని దించుకోవడం మొదలుపెట్టాను. "డ్రైవర్ పడట్లేదురా" అని నేను ఫోన్లో అంటుంటే, పెళ్లి సామాన్లు కొనడానికి నకరికల్లు నుంచి వచ్చిన పెద్దాయన విన్నాడు.

"డ్రైవర్‌కేం కరువయ్యా, మా ఊళ్లో ఇద్దరున్నారు. ట్రాక్టరయినా లారీ అయినా తోల్తారు. కాకపోతే లైసెన్సు ఉందో లేదో చూసి పెట్టుకో" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. నా ల్యాప్‌టాప్ నన్ను అడుగుతున్నది కూడా అచ్చం అదేనని అప్పటికి నాకు తెలియదు.

డ్రైవర్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగి, ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంది. ఎనిమిది అక్షరాలకు తక్కువ ఉండకూడదట. నా దగ్గర అలాంటి మాట ఒక్కటే ఉంది.

దాని సంగతి చెప్పాలి. మా కొట్లో ప్రతి సామాను అడుగునా చిన్న చీటీ ఉంటుంది. దాని మీద రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అది మేము కొన్న ధర. పది అక్షరాల మాట ఒకటి ఉంది, అందులో వచ్చిన అక్షరం మళ్లీ రాదు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, చివరిది సున్నా. బేరమాడేవాడి కళ్ల ముందే ధర రాసి ఉన్నా వాడికి తెలియదు. ఆ మాట నాన్న నాకు చెవిలో చెప్పాడు. గుమాస్తాకు తెలియదు. నేను ఊళ్లో లేనప్పుడు మా ఆవిడ కొట్లో కూర్చుంటే, ఫోన్ చేసి అక్షరాలు చదివేది, నేను ధర చెప్పేవాణ్ణి. పెళ్లయినప్పటి నుంచీ అదే పద్ధతి. ఆ మాట ఏమిటో ఇక్కడ కూడా రాయను.

దాన్నే పాస్‌వర్డ్‌గా పెట్టాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వెయ్యమంది. వేశాను. ఎప్పుడూ వచ్చే తెర రాలేదు. నీలం రంగు తెర ఒకటి వచ్చింది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. తెల్లటి అక్షరాలతో ఇంగ్లీషులో నాలుగైదు ముక్కలు. ఒకదాని మీద నొక్కి చూస్తే పాస్‌వర్డ్ చెప్పమంది. ఇప్పుడే కదా చెప్పాను! నాన్న మాట గుర్తొచ్చింది. ఫోన్లో బ్యాంకుల పేరు చెప్పి నంబర్లు అడిగే వాళ్లు గుర్తొచ్చారు. చప్పున వెనక్కి వచ్చేసి, 'కంటిన్యూ' అన్న ముక్క నొక్కాను. ల్యాప్‌టాప్ మామూలుగా తెరుచుకుంది. అడాప్టర్ లైటు మాత్రం వెలగలేదు. డ్రైవర్‌ను లేపమని కమాండు కొడితే, తాళంచెవి చెల్లదు పొమ్మన్నట్టు ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పింది. ఏ తాళంచెవి? మా తాళాలన్నీ నా మొలతాడుకే ఉన్నాయి.

డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. మళ్లీ పాస్‌వర్డ్ పెట్టుకోమంది, పెట్టాను. మళ్లీ నీలం తెర. మళ్లీ 'కంటిన్యూ'. ఆదివారం సాయంత్రం దాకా ఇదే తంతు. దొంగ ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు తరిమేశానని లోపల కొంత గర్వం కూడా ఉంది.

ఆఖరుసారి నొక్కుతుంటే మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. నేను చూసుకోలేదు.

"అదేంది, అది ఏదో అడుగుతా ఉంటే మీరు వద్దని పంపించేస్తన్నారు?" అంది.

"దొంగ తెర అది. పాస్‌వర్డ్ లాగడానికి వస్తంది."

"పొద్దుట్నించీ ఇట్లాగే చేస్తన్నారా?"

"ఆఁ."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. గిన్నెను గోటితో మీటేటప్పుడు నేను చూసే చూపు అది. నా మీద ఎవరైనా దాన్ని వాడడం అదే మొదలు.

"నేను క్లాసు చెప్పడం మీకిష్టం లేకపోతే మొహం మీదే చెప్పండి. రేపు పది దాటిందాకా ఇట్లా లాక్కొస్తే సరిపోతదని అనుకున్నారు గదా" అంది.

నాకు చెడ్డ కోపం వచ్చింది. రెండు రోజులు మెడ విరిగేట్టు కూర్చున్నది ఎవరి కోసం? ఆ మాటే అరిచి చెప్పాను. ఆమె నమ్మలేదు. డిపాజిట్ సంగతి ఎత్తింది, కేబుల్ మనిషిని నేను గట్టిగా అడగలేదంది. అన్నీ కలిపి చూస్తే ఆమె అనుమానంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనైనా అట్లాగే కూడేవాణ్ణి. అనుమానపడ్డం నా పని అనుకున్నాను గానీ, అది మన మీదికి వస్తే ఇంత మంటగా ఉంటుందని నాకు తెలియదు.

సోమవారం పొద్దున ఆమె తన తమ్ముడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి నా ముందు ఉంచింది.

"నీలం తెర వచ్చిందా బావా? ఏం నొక్కావు?"

"కంటిన్యూ. అది దొంగ కదరా."

బావమరిది నవ్వు ఆపుకుంటున్న గొంతుతో అన్నాడు. "దొంగ కాదు బావా, కాపలావాడు. ఈ డ్రైవర్‌కు పెద్ద కంపెనీల సంతకం లేదు. అందుకని ఓనర్ని అడుగుతాడు, దీనికి నువ్వు జామీను ఉంటావా అని. పాస్‌వర్డ్ పెట్టినోడూ ఇప్పుడు కూచున్నోడూ ఒకడేనా అని రెండోసారి అడుగుతాడు. నీకన్నా అనుమానం మనిషి వాడు."

ఎవరికీ జామీను ఉండొద్దన్న ఇంట్లో, ముక్కూ మొహం తెలియని డ్రైవర్‌కు నన్ను జామీను ఉండమంటోంది నా ల్యాప్‌టాపే. టైము చూశాను. పదికి ఎంతో లేదు. మళ్లీ ఎక్కించాను, పాస్‌వర్డ్ పెట్టాను, ల్యాప్‌టాప్‌ను మేడ మీదికి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి ఆన్ చేశాను. నీలం తెర వచ్చింది. ఈసారి బావమరిది చెప్పిన ముక్కలే నొక్కుకుంటూ పోయాను. చివరికి పాస్‌వర్డ్ అడిగింది. చేతివేళ్లు మీటల మీద పెట్టి, పక్కన నిలబడ్డ మా ఆవిడతో, "కాస్త అటు తిరుగు" అన్నాను.

ఆమె తిరగలేదు. నా చెయ్యి పక్కకు నెట్టి, వంగి, పది అక్షరాలూ తనే కొట్టింది. ఒక్కచోట కూడా ఆగలేదు.

తెర ఒప్పుకుంది. ల్యాప్‌టాప్ ఆగి మళ్లీ లేచింది. యూఎస్‌బీ దగ్గర బుల్లి లైటు మిణుకుమంది. నేను దాన్ని చూడలేదు, ఆమెనే చూస్తున్నాను.

"నీకెట్లా తెలుసు?"

"మామయ్యగారు చెప్పారు. వాడు ఒకరోజు మరిచిపోతాడమ్మా, నీ దగ్గరుంటే భద్రం అన్నారు. మీకు తెలియనియ్యొద్దన్నారు."

"మరి ఇన్నేళ్లూ ఫోన్ చేసి అక్షరాలు చదివి నన్నడిగావేంది?"

"మీరే చెప్పాలని మీకు ఉంటది గదా" అంది. కుర్చీ లాక్కుని, కొంగు సర్దుకుని, తలుపు వేసుకోమని చేత్తో సైగ చేసింది.

కిందికి వచ్చి కూర్చున్నాను. ఆ గంటసేపూ ఒక్క బిందె కూడా కిందికి దించనివ్వలేదు. వచ్చినవాళ్లను నెమ్మదిగా మాట్లాడమన్నాను. పైనుంచి ఆమె గొంతు సన్నగా వినపడుతూనే ఉంది, పెళ్లికి ముందు కాలేజీలో ఇట్లాగే చెప్పేదేమో. పాఠం అయ్యాక మెట్లు దిగివచ్చి, "ఎల్లుండి నించి రోజూ చెప్పమన్నారు" అని, నా పక్కనే గల్లాపెట్టె దగ్గర కూర్చుంది.

నాకు ఇంకా అనుమానం పోలేదు. నాన్న నిజంగానే చెప్పాడా, లేక ఆ ఎమ్మెస్సీ బుర్రతో చీటీలు చూసి తనే కనిపెట్టి, నాకు మొహం చెల్లేలా ఆయన పేరు చెప్పిందా? నాన్నను అడుగుదామంటే లేడు. ఆమె మాటకు జామీను ఉండే మనిషి ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఒకామె పాల గిన్నె బేరమాడింది. నేను దాన్ని తిరగేసి, చీటీ మీది అక్షరాలు పైకి చదివి, "ఎంతకిద్దాం?" అని మా ఆవిడను అడిగాను.