ఓడ దిగిన మా బావ

మా బావ పోయిన కబురు నాకు విడవలూరు బస్టాండులో తెలిసింది. మత్స్యకారుల సొసైటీకి కావలసిన కాగితాలు, సిరాబుడ్డి కొనుక్కొని టీ తాగుతున్నాను. మా పాలెం నుంచి చేపలబుట్టలు తోలే లారీ డ్రైవరు నన్ను చూసి ఆగాడు.

"నీకింకా తెలవదా అన్నా? పొద్దున్నే పోయినాడంట గదా ఆయన. అదే, సీమలో పరీక్ష తప్పొచ్చినాయన."

ముందురోజు సాయంత్రం దాకా నడుం వంచి ఇంజను బిగించిన మనిషి, తెల్లవారి పళ్లు తోముకుంటూ వాకిట్లోనే ఒరిగిపోయాడట. నలభై కూడా నిండలేదు. అంతటి కబురు కూడా ఆ ముక్క తగిలించుకోకుండా మా పాలెం నుంచి విడవలూరు దాకా రాలేకపోయింది.

ఆ డ్రైవరు మీద నాకు కోపం లేదు. విన్నమాట అన్నాడు. నిజం తెలిసి కూడా ఆ మాటను బతకనిచ్చినవాళ్ల మీద కోపం. సొసైటీ లెక్కలు రాసుకునే నాకు పత్రికలకు రాసే అలవాటు లేదు. కోపం రాయిస్తున్నది. ముందే చెబుతున్నాను, మా బావ ఏ పరీక్షా తప్పలేదు.

మా బావ అంటే మా అక్క భర్త. మా పాలెంలో ఇంటరు దాకా చదివిన మొదటి మనిషి. పెళ్లయిన ఏడాదికే ఆయనకు స్కాలర్‌షిప్పు వచ్చింది. మావాళ్లు సీమ అనే ఇంగ్లండులో ఒక రేవు పట్టణానికి వెళ్లి, వేట ఓడల పని, ఇంజన్ల పని రెండేళ్లు చదివి రావాలి. అప్పటికి యాభైలు ముగియవస్తున్నాయి. అక్క చింతపండు, ఎండుమిరపకాయలు, రొయ్యలపొడి మూటగట్టి ఇచ్చింది. చొక్కాలకంటే ఆ మూటే బరువుగా ఉందని బావ ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

అక్కడి సంగతులు వరసపెట్టి చెప్పేవాడు కాదు. సాయంత్రం షెడ్డులో కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ ఒకటీ అరా చెప్పేవాడు. ఆయన అద్దెకుండిన ఇంటామె ఒంటరి ముసలామె. ఈయన రోజూ స్నానం చేయడం చూసి ఆమె వారం రోజులు ఓర్చుకుందట.

"తర్వాత నన్ను పక్కకు పిలిచి, నాయనా, ఒంట్లో ఏందన్నా జబ్బా, డాక్టర్ని పిలిపించనా అనిందిరా బామ్మర్దీ. జబ్బేం లేదమ్మా, మాది నెల్లూరు అని చెప్పినా. ఆ పేరుగల జబ్బేమోనని ఇంకా బయపడింది."

ఆ ఇంట్లోనే పక్కగదిలో ఘానా దేశపు విద్యార్థి ఒకడుండేవాడు. మొదటివారం ఇద్దరికీ పలకరింపులు కూడా లేవు. ఒకరోజు బడి ఆవరణలో విద్యార్థులందరికీ మోకు, అంటే లావుపాటి తాడు, ఇచ్చి లాగమన్నారట. అందరూ చేతులతో గుంజుతుంటే వీళ్లిద్దరు మాత్రం ఒక్కసారే మడమలు నేలలో గుచ్చి, వెల్లకిలా వాలి, గొంతెత్తి ఒక కేక వేశారు. తక్కినవాళ్లు పగలబడి నవ్వారు. వీళ్లు నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మా తీరంలో అలివి వల లాగడం అలాగే ఉంటుంది. పడవ మీద వలను సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రంగా దింపి వస్తారు. రెండు చివర్ల మోకులను ఒడ్డున నిలబడి రెండు గుంపులు లాగుతాయి. వల సంచి ఇసుకకు తగిలేదాకా మోకు పట్టిన మనిషి వదలకూడదు. పక్కనున్నది పగవాడైనా వదలకూడదు. ఘానా ఒడ్డున కూడా అదే వల, అదే పద్ధతి అని ఆ రోజు తెలిసింది.

"సగం లోకం అవతల మనోడు దొరికినాడురా," అనేవాడు బావ.

అప్పటినుంచి ఆదివారాలు ఇంటామె వంటగది వీళ్లదే. రొయ్యలపొడి వేగే వాసనకు ఆమె కిటికీలన్నీ తెరిచేది. కొన్నాళ్లకు కిటికీలు మూసి, తనూ పళ్లెం తెచ్చుకొని కూర్చుంది. ముక్కు తుడుచుకుంటూ తినేదట. ఆమె కోళ్లగూటికి ఇద్దరూ కలిసి వల అల్లి కట్టారు. ముడి మా పద్ధతా, ఘానా పద్ధతా అని రెండుపూటలు పోట్లాడుకొని, చివరకు చెరో పక్క చెరో ముడి వేశారు. సెలవుపూట ఇద్దరూ రేవుకు పోయి దిగిన చేపలకు తమ తమ భాషల్లో పేర్లు పెట్టేవాళ్లు. మా ఒడ్డున పడే కానాగుర్తల్లాంటివి కనబడితే బావకు ఇల్లు గుర్తుకొచ్చేది. ఆ పూట స్నేహితుడు చేపల పేర్లు మానేసి పక్కన నడిచేవాడట.

ఆ స్నేహితుడి అలవాటొకటి బావకు అంటుకుంది. పడుకునే ముందు ప్యాంటు మడత చెదరకుండా పరుపు కింద పెట్టడం. మా పాలెంలో పరుపు లేదు గనక చాప కింద పెట్టేవాడు. "ఘానా ఇస్త్రీ," అనేవాడు. ఆయన పోయాక చాప ఎత్తినప్పుడు కూడా ఖాకీ ప్యాంటు ఉంది.

రెండేళ్లకు తిరిగొచ్చాడు. చేతిలో సర్టిఫికెట్టు లేదు. ఆ క్షణం నుంచే మొదలైంది, పరీక్ష తప్పాడని. రేవులో శిక్షణ ఇచ్చే ఉద్యోగం ఆయన కోసమే పెట్టామన్న చేపలశాఖ అధికారులు, కాగితం లేదని దాన్ని ఎన్నడూ పడవెక్కని మనిషికి ఇచ్చారు. మా బావను సముద్రానికి దూరంగా, ఊరిచెరువుల్లో వదిలే చేపపిల్లల లెక్క రాసే పనిలో వేశారు. వేట ఓడల చదువు చదివినవాడికి చేపపిల్లల లెక్క! ఏం తప్పు చేశాడని? అడిగినవాళ్లు లేరు. ఏడాది చూసి, ఆ ఉద్యోగం వదిలేసి పాలెం వచ్చేశాడు. అప్పుడే మా సొసైటీకి రెండు ఇంజను పడవలు వచ్చాయి. వాటికి షెడ్డు వేశారు. చనిపోయేదాకా ఆ షెడ్డే ఆయన ప్రపంచం.

"ఇంజన్ను తిట్టబాకండిరా. అది చెప్పేది ఇనండి," అని కుర్రాళ్లతో అనేవాడు. ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ ఈ తీరమంతా ఉన్నారు. ఏ పాలేనికి పోయినా ఇంజను దగ్గర ఆయన మాటలే వినిపిస్తాయి. అదే పాలేలలో అరుగుల మీద మాత్రం, "మంచోడే, పాపం, సీమలో తప్పినాడు," అన్న మాట.

నాలుగైదేళ్ల కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఘానా స్నేహితుడు మా పాలెం వచ్చాడు. తన దేశంలో పెద్ద అధికారి అయ్యాడు. మద్రాసుకు ఏదో పనిమీద వచ్చి, రైలెక్కి, బస్సెక్కి, ఇసుకలో బూట్లు చేత పట్టుకొని నడిచి వచ్చాడు. వెనక పాలెంలోని పిల్లకాయలంతా. బావ షెడ్డులోంచి గ్రీజు చేతులతోనే పరుగెత్తాడు. ఇద్దరూ కావిలించుకుంటే స్నేహితుడి తెల్ల చొక్కా వీపున పది వేళ్లూ పడ్డాయి.

అక్క పులుసు చేసింది. ఆయన కింద కూర్చొని, చేత్తో కలుపుకొని, రెండోసారి అడిగి మరీ తిన్నాడు. తర్వాత వాకిట్లో పాలెమంతా చేరి ఉండగా లేచి నిలబడి ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు పాత పేపర్లు కూడబలుక్కొని నేర్చుకున్న ఇంగ్లీషు ఉంది. మా సొసైటీ ప్రెసిడెంటు బి.ఏ. చదివినాయన. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చొని ఉన్నారు.

స్నేహితుడు చెప్పింది ఇది. రాతపరీక్షలన్నిటిలో మా బావే మొదటివాడు. చివర నెలరోజులు వేట ఓడ మీద పని చేసి వస్తేనే సర్టిఫికెట్టు. ఇద్దరూ ఒకే ఓడ ఎక్కారు. ఓడ కెప్టెను స్నేహితుణ్ణి చూసి, ఈ నల్లవాడు నా మనుషుల పక్కన పడుకోవడానికి వీల్లేదు, వలలు పెట్టే కొట్లో పడుకోమనండి అన్నాడు. ఆ కొట్టుకు తలుపు కూడా లేదు. మంచు కురిసే కాలం. నువ్వు కావాలంటే లోపల పడుకో అని మా బావకు దయ చూపించాడు. మా బావ రెండు సంచులూ తన భుజానే వేసుకొని, స్నేహితుడి చెయ్యి పట్టుకొని ఓడ దిగిపోయాడు.

కెప్టెన్ను ధిక్కరించావు, క్షమాపణ రాసియ్యి, ఇంకో ఓడ ఎక్కిస్తాం అని బడివాళ్లు మా బావను అడిగారు. ఆయన రాయనన్నాడు. స్నేహితుణ్ణి తీసుకుపోవడానికి మరో ఓడవాళ్లు ఒప్పుకున్నారు. నువ్వు లేకుండా నేనెక్కనని అతను మొండికేస్తే, "ఇద్దరం ఉత్తచేతులతో పోతే ఆ కెప్టెనుకు పండగ," అని బావే నెట్టి ఎక్కించాడు.

ఇదంతా మా వాళ్లకు తెలుగులో చెప్పవలసినవాడు మా బావ. ఆయన గొంతు సవరించుకొని అన్నాడు:

"మన పాలెంలో గాలి శానా బాగుందంటా ఉండాడు."

ముందువరసలో కూర్చున్న మా పెదవ్వ ఊరుకోలేదు. "అంతసేపు చెప్పినాడే, గాలి సంగతేనా?"

"వాళ్లకు గాలంటే శానా ఇష్టం అవ్వా."

"మరి కళ్లనీళ్లు పెట్టుకుంటా ఉండాడేందిరా?"

"నీ మనవరాలి చెయ్యి కారం గదా, దానికి."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. నేను నోరు తెరవబోతే బావ నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ప్రెసిడెంటుగారు ప్రతి మాటా విని, సముద్రంవైపు చూస్తూ కూర్చున్నారు.

స్నేహితుణ్ణి బస్సెక్కించి వచ్చేటప్పుడు అడిగాను. "ఎందుకట్టా చెప్పినావు బావా?"

"ఉన్నది చెప్తే అయ్యో పాపం అంటారు. దానికోసమా నేను దిగింది?"

"మరి అక్కకు?"

"మీ అక్కకు ఇంటికొచ్చిన రోజే చెప్పినా. మంచిపని చేసినావు, కాళ్లు కడుక్కో అనింది."

అంతే. ఆయన బతికుండగా ఆ మాట పెదవి దాటనియ్యలేదు నేను. అది ఆయన ఇష్టం. కాని పోయాక జరిగినదానికి నోరు మూసుకొనే బాధ్యత నాకు లేదు.

కర్మకాండ అయ్యాక సొసైటీ సభ పెట్టారు. ఇంజను షెడ్డుకు మా బావ పేరు పెట్టి, గోడలో శిలాఫలకం అమర్చాలని తీర్మానం. ప్రెసిడెంటుగారు చెబుతుంటే రాస్తున్నాను. "సీమలో పరీక్ష తప్పినా నిరుత్సాహపడక, స్వగ్రామానికి సేవచేసిన..."

నా చెయ్యి ఆగిపోయింది. "ఆ ముక్క వద్దండి," అన్నాను.

"ఎందుకొద్దు? తప్పినోడు గూడా పైకి రావచ్చని మన పిల్లకాయలకు తెలవాలబ్బా."

"ఆయన తప్పలేదు. ఆ రోజు మీరూ విన్నారు గదండీ."

సభలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ప్రెసిడెంటుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నాకు మాత్రం వినబడేటట్టు అన్నారు. "విన్నానయ్యా. అయితే ఏంది? సర్టిఫికెట్టు లేనిమాట నిజమే గదా?"

"లేదని రాయండి. ఓడ దిగినాడని రాయండి. తప్పినాడని రాయబాకండి."

"అదంతా రాయి మీద పడుతుందా? ఇంత మంచిగా పొగుడుతుంటే మీకు ఇంకా ఏం కావాలబ్బా?"

నేను ఆ ముక్క లేకుండానే తీర్మానం రాశాను. ఓడ సంగతి సభలోనే అందరికీ చెప్పాను. కొందరు తలలు వంచుకున్నారు. కొందరు, ఇన్నాళ్లూ చెప్పనోడు ఇప్పుడు చెప్తే నమ్మేదెట్టా అన్నారు. ప్రెసిడెంటుగారు మాత్రం ఔనని గాని కాదని గాని అనలేదు. ఆయన ఒక్కమాట చాలు పాలేనికి. ఆ ఒక్కమాట ఆయన నోట రాలేదు. చదువుకున్న మనిషి చెవితో విన్న నిజాన్ని ఇంత సులువుగా మింగేస్తాడని నేననుకోలేదు. మనిషిని పొగడాలన్నా ముందు ఒక మెట్టు కిందికి నెట్టి, ఆ పైన చేయి అందించాలా? అలా అయితే గాని పెద్దవాళ్లకు పొగడటం చేతగాదా?

నెల తర్వాత నెల్లూరు నుంచి ఎద్దులబండి మీద రాయి వచ్చింది. తీర్మానంలో లేని ముక్కతో సహా చెక్కించారు. షెడ్డు గోడలో దానికి సరిపడా చదరం వదిలి, సిమెంటు పూసి సిద్ధంగా ఉంచారు. అమర్చేముందు మా అక్కకు చూపించాలని బండిని వాకిట్లో ఆపారు. ప్రెసిడెంటుగారూ వచ్చారు.

అక్కకు చదువు రాదు. "చదవరా," అంది నాతో. చదివాను.

"ఆ పరీక్ష ముక్క ఒదిలేసి చదువు." అలాగే చదివాను.

"ఆఁ. అట్టా చెక్కుకొని రాండి."

బండి తోలుకొచ్చిన చెక్కుడుపనివాడు నొచ్చుకుంటూ అన్నాడు: "రాతిమీద అక్షరాలు తుడిచేది ఎట్టామ్మా? ఇంకో రాయే కావాల."

"ఇంత ఖర్చు పెట్టినామమ్మా," అన్నారు ప్రెసిడెంటుగారు. "ఆయన పేరు నిలబడేదానికే గదా."

అక్క గడప దగ్గరే నిలబడి ఉంది. గొంతు పెంచలేదు. "ఆయన పేరు మీ రాయి లేకముందే నిలబడి ఉండాది సామీ. ఎత్తుకపోండి."

బండి వెనక్కి తిరిగింది. ఇంకో రాయి ఇప్పటిదాకా రాలేదు. వస్తుందనీ నేననుకోను. షెడ్డుకు పేరు లేదు. గోడలో ఆ సిమెంటు చదరం అలాగే ఉంది. ఇంజను బిగించి లేచే కుర్రాళ్లు ఆసరాకు అక్కడే చెయ్యి ఆనిస్తారు. తెల్లటి చదరం మీద నల్లటి గ్రీజు చేతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.