పరంధామయ్యగారి అభ్యంతరం

పరంధామయ్యగారు ప్రతిదానికీ అడ్డం చెబుతారు. ఆయన గురించి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇది. రెండో విషయం ఉందని నాకు చాలాకాలం తెలియదు. "ఇవాళ చలి ఎక్కువగా ఉందండీ" అంటే, "ఎవరు చెప్పారు?" అని మంకీక్యాప్ లోపలినుంచి అడుగుతారు.

అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊరి పక్కన మా బిల్డింగు. రాబడి లేని ముసలివాళ్లకి గవర్నమెంటు సాయంతో తక్కువ అద్దెకిచ్చే ఫ్లాట్లు. పోలండ్ వాళ్లు, కొరియా వాళ్లు, గుజరాతీలు, మేం కొద్దిమంది తెలుగువాళ్లం. అద్దెకున్నా మాకూ నోరుంటుందని 2008లో పైవాళ్లకి తోచింది. అప్పటినుంచి ఏ కొత్త రూల్ పెట్టాలన్నా టెనెంట్స్ మీటింగ్ పెట్టి మా చేత ఓటు వేయించేవారు. ఓటు ఎటు పడితే మేనేజర్ కార్లా అలా నడుచుకునేది. ఊళ్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన పాపానికి నన్ను సెక్రటరీని చేశారు.

ఆర్టీసీ డిపోలో యూనియన్ నడిపి వచ్చిన పరంధామయ్యగారికి మీటింగ్ అంటే పండగే.

"శనివారం కూరగాయల షాపుకి వ్యాన్ వేద్దామనుకుంటున్నాం" అంది కార్లా ఒకసారి.

ఆయన లేచారు. "ఐ హావ్ అబ్జెక్షన్. నడిస్తే ఆరోగ్యం."

వీల్‌చెయిర్లలో ఉన్నవాళ్లు కూడా ఆయనవైపు తిరిగి చూశారు. ఆయన ఓటు తప్ప మిగతా అన్ని ఓట్లతో వ్యాన్ నెగ్గింది. మొదటి శనివారం ముందుసీట్లో ఆయనే కూర్చుని ఉన్నారు.

"నడుస్తానన్నారు కదండీ?" అన్నాను.

"డ్రైవర్ సరిగ్గా పోనిస్తున్నాడో లేదో ఎవరో ఒకరు చూడొద్దా?"

బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు బిగిస్తామన్నప్పుడు, "కడ్డీలుంటే కాళ్లు బద్ధకిస్తాయి" అన్నారు. కడ్డీలు వచ్చాయి. క్రమంగా జనానికి ఒక సుళువు దొరికింది. అజెండా చదవడం మానేశారు. పోలండ్ నుంచి వచ్చిన హాలీనా మీటింగ్ అంతా స్వెట్టర్ అల్లుకుంటూ కూర్చుని, చివర్లో "మిస్టర్ పరం ఏమన్నాడు?" అని నన్నడిగి, దానికి విరుద్ధంగా చెయ్యెత్తేది. ప్రజాస్వామ్యం ఇంత తేలికైన వ్యవహారమని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇలా ఉండగా శేషమ్మగారి పోపు సంగతి వచ్చింది. మూడో అంతస్తులో ఆవిడ ఒక్కరే ఉండేవారు. ఆవిడ ఎండుమిరపకాయలు వేయిస్తే బిల్డింగంతా అలారం మోగేది. ఫైర్ ఇంజన్ వచ్చేది. మేమంతా మెట్లు దిగి మంచులో నిలబడేవాళ్లం. పాపం ఆవిడ సిగ్గుపడి, ఎవరో చెప్పిన ఉపాయం విని, సీలింగుకి ఉన్న స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడిగారు. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లిన కార్లాకి పూలపూల టోపీ పెట్టుకున్న అలారం కనిపించింది.

తరువాతి మీటింగులో కొత్త రూల్ వచ్చింది. అలారాన్ని కప్పినా, వంటపొగతో ఇంకోసారి మోగించినా లీజు రెన్యూ చేయరు. శేషమ్మగారు వెనక కుర్చీలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఈ ఫ్లాట్ పోతే ఆవిడకి మళ్లీ ఆష్‌బర్న్‌లో కూతురి ఇంటి బేస్‌మెంటే గతి. అక్కడ ఇప్పటికే వియ్యాలవారు మకాం వేసి ఉన్నారు. "పోపు లేకుండా ఏం వండుకు తినను మేష్టారూ?" అని అంతకుముందే నన్నడిగారు.

గదిలో ఎవరికీ జాలి లేదు. మంచులో నిలబడి అందరి మోకాళ్లూ నొప్పులు పట్టి ఉన్నాయి. "మంచి రూల్" అంది హాలీనా. తలలు ఊగాయి. ఇక పరంధామయ్యగారు లేచి అడ్డం చెప్పారంటే మిగిలిన నాలుగు తలలూ ఊగుతాయి. ఆయన లేవకుండా ఉంటే బాగుండునని దేవుణ్ణి తలుచుకున్నాను.

ఆయన లేచారు. "ఐ సపోర్ట్" అన్నారు.

కార్లా చేతిలో పెన్ను జారి కింద పడింది.

"చాలా గొప్ప రూల్. కాకపోతే మరీ మెత్తగా ఉంది. మిరపకాయ ఒక్కటే ఎందుకు? సాసేజ్ మాడినా, టోస్ట్ మాడినా, చేప వేగినా లీజు కట్ చేయాల్సిందే. రోజూ సాయంత్రం ప్రతి తలుపు దగ్గరా నిలబడి వాసన చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ కావాలి. ఆ పని ఫ్రీగా నేను చేసిపెడతాను."

హాలీనా అల్లిక ఆపింది. "నా తలుపు దగ్గర కూడానా?"

"ముందు మీదే మేడమ్. మీ క్యాబేజీ సంగతి నాకు తెలుసు."

ఓటింగులో రూల్ వైపు ఆయన చెయ్యి ఒక్కటే లేచింది. ఆ ఊపులో హాలీనా నిలబడి, తప్పు వండేవాళ్లది కాదని, వంటగదుల్లో ఫ్యాన్లు పొగని లాగడం లేదని, కొత్తవి పెట్టించాలని అంది. పరంధామయ్యగారికి వెంటనే అభ్యంతరం వచ్చింది. "ఫ్యాన్లా? శుద్ధ దండగ." ఫ్యాన్లు కూడా నెగ్గాయి.

కొత్త ఫ్యాన్లు బిగించారు. శేషమ్మగారి పొగ బుద్ధిగా బయటికి పోవడం మొదలుపెట్టింది. అందరూ ఆవిడతో మంచిగా ఉన్నారు. పరంధామయ్యగారితో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఆయన లిఫ్ట్ ఎక్కితే శేషమ్మగారు దిగిపోయేవారు. నాకూ ఒళ్లు మండి ఆయన తలుపు కొట్టాను.

"తోటి తెలుగావిణ్ణి బయటికి పంపించమనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?"

ఆయన కారిడార్ అటూ ఇటూ చూసి, నన్ను లోపలికి లాగి తలుపేశారు. "నేను వద్దని ఉంటే ఏమయ్యేది మేష్టారూ?" అని మెల్లగా అడిగారు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆ మంకీక్యాప్ మనిషిమీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

"అయితే ఆ వ్యాను, ఆ కడ్డీలు, అవన్నీ కూడా..."

"కొన్ని నిజంగానే వద్దనుకున్నాను. ఏవో అడక్కండి."

"ఇప్పుడే వెళ్లి శేషమ్మగారికి చెబుతాను."

"అబ్జెక్షన్. ఆవిడకి తెలిస్తే బిల్డింగంతా తెలుస్తుంది. వచ్చే నెల ఆదివారాలు లాండ్రీ మూసేస్తానని కార్లా అంటోంది. అప్పుడు నాకు ఎదురు ఓటు ఎవరేస్తారు?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చి బయటికొచ్చాను. మెట్ల దగ్గర శేషమ్మగారు మూతపెట్టిన గిన్నెతో నిలబడి ఉన్నారు. దాన్ని నా చేతిలో పెట్టారు.

"గోంగూర పప్పు. ఆయనకిచ్చేయండి మేష్టారూ. మీరే వండినట్టు చెప్పండి."

"మీరు ఆయనమీద కోపంగా ఉన్నారు కదండీ?"

"ఉండక తప్పుతుందా," అని ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఆ లాండ్రీ ఓటింగ్ అయ్యేదాకా కోపంగానే ఉంటాను."