అయిదో చీటీ

నల్లగండ్లలో మా చెల్లెలు యశస్విని చదివే బడి బయటికంతా అద్దాలే. నర్సు గది మాత్రం మెట్ల కింద. అందులో భ్రమరాంబ ఉంటుంది. ఇరవై ఏళ్లు సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు మీద చేసి, పర్మనెంట్ కాకుండానే ఇక్కడికి వచ్చింది. ఏ నొప్పికైనా ముందు బామ్ రాస్తుందని పిల్లలు ఆమెను 'బామ్ ఆంటీ' అంటారు.

అక్కడ పదో తరగతి పిల్లలు క్లాసు మధ్యలో బాత్‌రూమ్‌కి పోవాలంటే నర్సు చీటీ రాయాలి. క్లాసు ఎగ్గొడతారని బడివాళ్ల అనుమానం. దానికి కూడా సంతకం కావాలి మరి! ఆ రోజు మధ్యాహ్నం కాకముందే యశస్విని అయిదో చీటీకి వచ్చింది. భ్రమరాంబ రాయలేదు. కూర్చోబెట్టి వేలు చాపమంది.

"ఇది కూడా స్లిప్ టెస్టేనా ఆంటీ?"

"అవ్. దీంట్ల ఎంత తక్కువొస్తే అంత మంచిది."

షుగర్ మిషన్ అంకె చూపలేదు. కొలతకు అందనంత ఎక్కువని చూపింది.

ఆమె ఫోన్ చేసేసరికి నేను రాయదుర్గం మెట్రో దగ్గర నా బైక్ టాక్సీతో సవారీ కోసం చూస్తున్నాను.

"పిల్లకు సీసాల ఏం పోసి పంపుతున్నరు?"

"గ్లూకోజ్ నీళ్లు మేడం. నెల నుంచి నీరసంగుందని నేనే కలుపుతున్న."

"ఇగ కలపకు. షుగర్ మస్తుగుంది. గచ్చిబౌలి దవాఖానకు రా, మేం బయల్దేరుతున్నం."

ఇంటివాళ్లు సంతకం చేసేదాకా వ్యాన్ ఇవ్వనన్నాడట ప్రిన్సిపాల్. "సంతకాలు సాయంత్రం వెట్టుకుందాం సార్" అని ఆమే డ్రైవర్‌ను పిలిచి పిల్లను ఎక్కించిందట.

ఐసీయూ బయట ఆమె పక్కన కూర్చుని అడిగాను. "నేనే చేసిననా?"

"ఈ రోగం నీళ్లతోని రాదు బిడ్డా. ఉన్నదాన్ని జర పెంచినయ్, గంతే. ఇంతకుముందు ఈ బడిలనే ఒక పిల్లగాడు గిట్లనే మాటిమాటికి వచ్చేటోడు. నేను చీటీలు రాసుకుంటనే వోయిన."

"బతికిండా?"

"బతికిండు. పది దినాలు కండ్లు తెరవలే. గప్పటిసంది ఎవరు ఎన్నిసార్లు వచ్చిండ్రో చూస్తున్న."

చీకటి పడుతుండగా డాక్టర్ బయటికొచ్చాడు. "గండం గడిచింది. రోజూ ఇన్సులిన్ తీసుకుంటే చదువుకీ ఆటకీ అడ్డేం లేదు. రేపు తెచ్చుంటే మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి."

భ్రమరాంబ లేచి ఫోన్ చూసుకుంది. బడి నుంచి ఏడు మిస్డ్ కాల్స్.

"ఇగ పోతా. సార్ తిట్లు వేడిమీదున్నప్పుడే తినాలె" అని నవ్వింది.

ఆమెను నా బండి మీదే బడి దగ్గర దింపాను. రోజూ ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ నడిపే నాకు, ఆ రోజు దారిలో ఏ సిగ్నల్ దగ్గరా ఎవరి మీదా కోపం రాలేదు.