గాజు పెట్టెలో వినాయకుడు

ఇంగ్లీషులో అబద్ధం రాయడం నాకు తేలిక. తెలుగులో రాయబోతే ఎవరో ఒకరి మొహం గుర్తొస్తుంది. గుంటూరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే నేను, చాలా ఏళ్ళుగా ఒక చిన్న కళల సంస్థకు దరఖాస్తులు రాసిపెడుతున్నాను. అంతరించిపోతున్న చేతిపనుల్ని కాపాడతాం, నిధులివ్వండి అని పెద్ద పెద్ద ఊళ్ళకు వెళ్ళే దరఖాస్తులు. బాగా రాస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు మహా మోజు. ఆ మోజు నా కొంప ముంచిందని చెప్పుకుంటే కాస్త జాలైనా దొరికేది. కానీ ముంచింది నా కొంప కాదు.

అద్దంకి దాటాక, గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లెలో తోలుబొమ్మలాట ఆడించే పెద్దాయన ఉన్నాడు. ఆయన మేళానికి సాయం చేయడానికి నిధులిచ్చే పెద్ద సంస్థ ఒకటి ముందుకొచ్చింది. తోళ్ళు, రంగులు, కొత్త తెర కొనిపెడతారు. మా కళల సంస్థ ఆఫీసు కింది హాల్లో బొమ్మల ప్రదర్శనశాల కూడా ఏర్పాటు చేయిస్తారు. షరతు ఒకటే. మేళంలోని అతి పాత బొమ్మ ఒకటి ఆ ప్రదర్శనశాలకు శాశ్వతంగా ఇచ్చేయాలి.

నేను వెళ్ళేసరికి పెద్దాయన ఇంటి అరుగు మీద కొత్త వినాయకుడి బొమ్మకు రంగు వేస్తున్నాడు. పక్కన పసుపు గుడ్డలో చుట్టి, కుంకుమ పెట్టిన పాత వినాయకుడు. ఆట ఎప్పుడు మొదలైనా ముందు తెర మీదకు వచ్చేది ఆ బొమ్మే. వాళ్ళ తాత చేసిందట. తొండం మీద మూడు చోట్ల కుట్లు, దీపం సెగకు ముడుచుకుపోయిన ఒక చెవి. చూడగానే నా దరఖాస్తుకు ప్రాణం వచ్చినట్టయింది.

"వానలు పడి ఏట్లో నీళ్ళొస్తే ఈయన్ని సాగనంపుతానమ్మా" అన్నాడు పెద్దాయన.

"ఏంటండీ, ఇంత పాత బొమ్మను ఏట్లో పారేస్తారా?"

"పారేయడం కాదమ్మా. ముసలోడైపోయాడు. స్నానం చేపించి, నైవేద్యం పెట్టి, నీళ్ళకి అప్పజెప్తాం. ఈయన ఎల్లిందాకా కొత్తాయన తెర ఎక్కకూడదు. మా తాతల నాటి నించి ఇంతే."

నేను ఊరుకోలేదు. పిల్లలు చూడాలన్నాను, చరిత్ర అన్నాను, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అన్నాను: "పోనీ ఒక్క నెల ఇవ్వండి. ఫోటోలు తీసుకుని, అందరికీ చూపించి, నేనే తెచ్చి ఇస్తాను." ఆయన నా మొహంలోకి చూసి, పసుపు గుడ్డతో సహా నా చేతిలో పెట్టాడు. రసీదు అడగలేదు. అదే సాయంత్రం దరఖాస్తులో 'శాశ్వతంగా' అన్న చోట టిక్కు పెట్టాను. రెండోసారి ఆలోచించలేదు. ఇప్పుడు సిగ్గేసేది ముఖ్యంగా దానికే.

నిధులు వచ్చాయి. ప్రదర్శనశాల ప్రారంభానికి నన్ను శాలువాతో సత్కరించారు. పెద్దాయన తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. పాత వినాయకుణ్ణి పెట్టిన గాజు పెట్టె ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టి, నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు: "నెల ఎప్పుడో దాటిందమ్మా. ఇయ్యాల తీసకపోనా?" ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్నాను. చూడటానికేమీ లేదని నాకు తెలుసు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక పొద్దున ఫోన్ చేశాడు. "ఏట్లో నీళ్ళొచ్చాయమ్మా." అంతే, ఇంకో మాట లేదు. మళ్ళీ వారం ఆగి అదే మాట. కోపంగా అడిగితే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్నే. ఆయన నీళ్ళ కబురు మాత్రమే చెప్పేవాడు. చివరికి ఆయన నంబరు కనబడితే ఫోన్ బోర్లా పెట్టడం మొదలుపెట్టాను.

నిధులిచ్చిన సంస్థ వాళ్ళకు ఏడాది నివేదిక పంపాల్సి వచ్చింది. మేళం ఫోటోలు కావాలి. దిక్కులేక మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఇంటికి తాళం. మిరప చేలో ఉన్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. చేలోకి వెళ్తే కాయల ఘాటుకు కళ్ళు మండాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూలికి కోస్తున్నారు.

"ఆటలు ఎలా ఉన్నాయండీ?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

ఆయన కాయలు కోస్తూనే ఉన్నాడు. ఆవిడ నడుం ఎత్తి నిలబడింది. "ఆటలెక్కడియ్యమ్మా? తిరునాళ్ళోళ్ళు రెండు సార్లు పిలిచారు. వినాయకుడు లేకుండా ఎట్టా ఆడతాం? కొత్తాయన్ని ఎక్కించకూడదాయె. మీరిచ్చిన తెర మడత కూడా ఇప్పలా. ఈ మడిసి రోజూ ఏటికాడికి పోయి చూసొత్తాడు."

"ఊరుకోవే" అన్నాడు పెద్దాయన. నా వైపు తిరిగి, నిష్ఠూరం లేకుండా, ఊరికే తెలుసుకోవడానికన్నట్టు అడిగాడు: "అమ్మా, చవితికి మీ ఇంట్లో మట్టి వినాయకుణ్ణి పెట్టుకుంటారు గదా. పూజయినాక ఏం జేత్తారు?"

"కాలవలో కలుపుతాం" అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. కిందటి చవితికి పిల్లలతో కలిసి కేకలు వేసుకుంటూ వెళ్ళి, అందరికన్నా ముందు నీళ్ళలోకి దిగింది నేనే. ఆయన "మంచిదమ్మా" అని మళ్ళీ మిరప చెట్టు మీదకు వంగాడు. ఆ చేలో నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్ళు తుడుచుకున్నాను. ఘాటు అనుకుని ఆవిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

నివేదికలో ఒక ప్రశ్న ఉంది: మా నిధుల వల్ల ఈ కళ బతికిందా? అన్ని నివేదికల్లో నేను అవునని రాసే ప్రశ్నే. ఈసారి నివేదిక పక్కన పెట్టి వాళ్ళకు తెలుగులో ఉత్తరం రాశాను. నెలలో ఇస్తానని ఆయనకు మాటిచ్చి, శాశ్వతమని మీకు రాశాను, తప్పు నాది, మేళం ఆగింది నా వల్ల, బొమ్మ ఆయనకు తిరిగి ఇవ్వాలి అని. మా కళల సంస్థ కార్యదర్శి చదివి, "మీకేమన్నా మతి పోయిందా మేడమ్? ఇక మనకెవరన్నా పైసా ఇస్తారా?" అని అరిచాడు. ఇవ్వకపోవచ్చు. అయినా పంపాను.

జవాబు ఇంకా రాలేదు. గాజు పెట్టె తాళం కార్యదర్శి దగ్గరే ఉంది. నిన్న పెద్దాయన ఫోన్ చేస్తే ఎత్తాను.

"ఏట్లో నీళ్ళు తగ్గిపోతన్నాయమ్మా" అన్నాడు.