కొంగలు తెచ్చిన కూర

మొన్న మార్కెట్ వెనక చెత్తకుప్ప మీద కొంగలు గుంపుగా వాలి, ఎవరో పారేసిన కోడిపేగులు లాగుతుంటే మా మనవరాలు ముక్కు మూసుకుంది. "నాయినమ్మా, కొంగలు శాపలు గదా తినేది?" అంది. తినేవి. గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఇంటికి నేను కోడలిగా వచ్చిన కొత్తలో పెరట్లో చింతచెట్టు నిండా వాటి గూళ్ళే. వానాకాలం అవి పిల్లల నోటికి అందిస్తుంటే జారిపడిన పరక చేపలు కింద ఇంకా తన్నుకుంటూ ఉండేవి. మా అత్త వాటిని ఏరి పులుసు పెట్టి, "మొగడు తేకున్నా కొంగలు దెస్తయి" అని మామకు వినబడేలా అనేది. రెట్టల వాసనకు నేను కొంగు అడ్డం పెట్టుకుంటే ఇద్దరూ నవ్వేవారు.

తర్వాత ఎగువన బొగ్గుబావి తవ్వారు. దాని నల్లనీళ్ళు వాగులో పడి, మా రేవు దగ్గర గోదావరిలో కలిసేవి. మామ వలలో చేపలకు బదులు మసి బురద రాసాగింది. చెట్టు కింద కూడా పరకలు పోయి కప్పలు, కప్పలు పోయి ఎలుకలు పడసాగాయి. మా ఇంటాయన బావిలో పనికి కుదిరాడు. పొయ్యి మీద చేపల పులుసు పోయి, కంచంలో పచ్చిపులుసు మిగిలింది.

ఒక వానాకాలం పొలాల్లో ఎలుకలకు మందు పెట్టారు. చచ్చీ చావని ఎలుకలను కొంగలు గూళ్ళకు మోసుకొచ్చాయి. తెల్లారి పెరట్లోకి వెళ్తే కాలు పెట్టే చోటు లేదు. పిల్లలూ తల్లులూ మెడలు మెలిపడి పడున్నాయి. వాటిని ముట్టిన మా కుక్క కూడా ఆ పూటే చచ్చింది. అత్త అన్నిటినీ గంపలకెత్తి, గుంత తీసి పూడ్చింది. ఏడవలేదు. "తల్లి నోటికెల్లి దిన్నయి. గా తల్లికేం ఎర్క?" అంది.

చావగా మిగిలినవి ఎగిరిపోయి గూళ్ళు ఖాళీ అయ్యాక, ఆ చెట్టు కొమ్మ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వని మామ గొడ్డలి తీశాడు. అత్త అడ్డం పడింది.

"పిచ్చి లేసిందా నీకు? ఏటా వచ్చేటియి, ఏడికి వోతయి?"

"ఏడికన్న పోనీ. ఈడ మాత్రం పిల్లల జెయ్యొద్దు."

చెట్టు కూలాక దాని మొద్దు మీదే చీకటి పడేదాకా కూర్చున్నాడు.

మరుసటి ఏడు కొంగలు వచ్చాయి. చెట్టు ఉన్న చోటు చుట్టూ ఎగిరి ఎగిరి, అలసి మా గూనపెంకుల మీద వాలి, వెళ్ళిపోయాయి. మామ బయటికి రాలేదు. ఆ వర్షాలు తగ్గకముందే వల అటక మీద పడేసి, తనూ బొగ్గు మోసే పనికి పోయాడు.

నష్టం ఒక్కనాడే ముంచుకొస్తే ఎదురు తిరిగేవాళ్ళమేమో. కాలం దాన్ని పూటకింత వడ్డించింది. మేమూ అన్నంలో కలుపుకొని తిన్నాం.